గెడ్డ గట్టుకి పన్నెండు స్లైడులు

సదువు సినబాబూ, ఇంకోపాలి సదువు. గట్టిగా సదువు, గున్నమ్మప్పకి కూడా ఇనబడాల. ఆ ఇరిగేసనాఫీసు లిస్టులో మనూరి పేరుకి ఎదురుగా ఏటి రాసినారు? "కోరినది: ఏమీ లేదు." ఇన్నారా! ఏమీ నేదంట! గెడ్డ పొంగి రెండేళ్ళ బట్టి పొలాలు ముంచీస్తంటే, తూరుపు గట్టు కట్టించండి బాబూ అని నాను, ఈ భీమశంకరరావు, బొబ్బిలి కల్యాణమండపంలో రైతుల మీటింగులో పన్నెండు స్లైడులేసి సూపిస్తే, మనం ఏటీ అడగనేదంట! పక్కూరికి గట్టిచ్చినారు, ఆ పైనూరికి నీళ్ళొదిలే మదుమిచ్చినారు, మనకి గుండుసున్నా. నా ఒళ్ళు మండిపోతన్నాది. గున్నమ్మప్పా, టీ అక్కడెట్టు, ఇప్పుడది నా గొంతు దిగదు.

గున్నమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. టీ కొట్టు ఆమెదే. గెడ్డ పక్కన ఎకరం నేల కూడా ఉంది.

"సల్లారిపోతాది గానీ, మరిప్పుడేటి సేస్తారు బాబూ?" అంది.

ఏటి సేస్తామేటి? ట్రాక్టరెక్కి తిన్నగా ఆఫీసుకెల్లి మీటింగుకొచ్చిన ఆ ఇంజినీరు బల్ల ముందు కూకుంటాం. అబ్యంతరాలుంటే ఇయ్యాల సాయంత్రం ఐదింటిలోగా ఇమ్మన్నారు కదా, ఇస్తాం. నోటితోటే ఇస్తాం, ఆళ్ళ సెవులు గింగుర్లెత్తిపోవాల.

"నాను ఆడి కాలరట్టుకుంటాను బావా," అన్నాడు చినబాబు. భీమశంకరరావు భార్యకి తమ్ముడు, మూడెకరాల రైతు. "పోలీసులట్టుకెల్లినా సరే. ఈ ఏడు కూడా ఊడ్సిన మడి కొట్టుకుపోతే ఇంక నాను సేద్యం ఒగ్గెయ్యడమే."

అట్టుకో! అట్టుకోవాలి మరి! అసలు ఆ స్లైడులు నాను ఎలగ సేసినానో మీకు తెలుసేటి? తెలీకే ఇంతసేపు గమ్మున కూకున్నారు. ఇనండి.

లోకంలో అందరూ స్లైడులెలగ సేస్తారు? మౌసట్టుకోని బొమ్మనిటు లాగి, అచ్చరాన్నటు తోసి, సంతలో బట్టలు పరిసినట్టు పరుస్తారు. ఆ అచ్చరాలు ఎగురుకుంటూ వస్తాయి, గిర్రున తిరుగుతాయి, సూసేవోడికి కళ్ళు తిరుగుతాయి. థూ! అదొక పనేటి? నాది అలగ కాదు. నాది లేటెక్. ఇసాపట్నంలో లెక్కల పుస్తకాలచ్చేసే ప్రెస్సులో ఆరేళ్ళు పనిసేసి నేర్సుకున్న ఇద్య. మౌసు ముట్టుకోడం నేదు. ఉత్త అచ్చరాలే. ఇక్కడ పేజీ మొదలు, ఇది హెడ్డింగు, ఇది బొమ్మ, ఇక్కడ పేజీ ఆకరి, అని మాటల్తో రాసుకుంటూ పోడమే. రాసీసి ఒక్క బటను నొక్కితే అదే కొలతలెట్టుకోని, అదే సర్దుకోని, పేజీలు తయారు సేసి సేతికిస్తాది. మేస్త్రీకి సెప్పినట్టు మనం సెప్తాం, ఇల్లు ఆడు కడతాడు. అర్దమైందా?

"అయింది గానీ, పన్నెండు పేజీలకి ఎన్నాళ్ళు పట్టినాది బావా?"

మూడ్రోజులు. అని మీ అక్కకి సెప్పినాను, ఎందుకంటే నిజం సెప్తే అది నమ్మదు కదా. నిజానికి ఒక్క పూట. పూట కూడా కాదు. మీ అక్క పొయ్యి మీద ఎసరెట్టి, బియ్యం కడగడానికి పెరట్లోకెల్లింది. కడుక్కోని లోపలికొచ్చేసరికి పన్నెండూ అయిపోనాయి. కొట్టిన కొట్టుడికి కీబోర్డు మీద అచ్చరాలన్నీ అరిగిపోయి నున్నగా అయిపోనాది, కావాలంటే బొబ్బిల్లో నా జెరాక్సు షాపుకొచ్చి సూసుకోండి. లేటెక్‌లో ఒకపాలి బటను నొక్కితే సాలదు, తెలుసా? మొదటిపాలికి పేజీ నెంబర్లుండాల్సిన కాడ ప్రశ్న గుర్తులొస్తాయి, రెండోపాలి నొక్కితే అప్పుడు సర్దుకుంటాయి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లకైనా అంతే. నాకు మాత్రం మొదటిపాలికే వొచ్చీసినాయి. నానంటే దానికి బయం. ఇంకోడు ఒక్క బ్రాకెట్టు మర్సిపోతే నూట నలబై తప్పులున్నాయని తిడతాది. నాకు ఒకే ఒక్క తప్పు సూపించినాది. అదీ దాని తప్పే. తరవాత సారీ సెప్పింది.

"మిషనా?" అంది గున్నమ్మ.

మిషనే అప్పా. ఇంగిలీసులో సెప్పింది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? కరెంటు పోనాది. గాలివాన! మా ఈదిలో రేకులు లెగిసిపోయి రామభద్రపురం రోడ్డు మీద పడినాయి. మబ్బుకి మిట్టమద్దేన్నమే సీకటైపోనాది. లాప్‌టాపులో సార్జింగు సూస్తే నేదు. ఇంకోడైతే నెత్తిన సెయ్యెట్టుకోని కూకుంటాడు. నాకేటి? ఉత్త అచ్చరాలకి కరెంటెందుకు? నాను కొడతంటే నా ఏళ్ళ ఒరిపిడికే స్క్రీను ఎలిగింది. ఆ ఎలుగులో మా ఈదోళ్ళు నలుగురు కూకోని కందిపప్పులో రాళ్ళేరుకున్నారు.

"ఓలమ్మా!"

ఓలమ్మేటి, ఇంకా ఇను. మీటింగు రోజున పక్కూరోళ్ళు పెన్ డ్రైవు తెచ్చినారు. అందులో వీడియోలు, పాటలు, ఎగిరే అచ్చరాలు, అడ్డమైన సెత్తా ఉన్నాది. ఎంత బరువనుకుంటన్నారు? ఆటో ఎనక సీట్లో ఎట్టీసరికి ముందు సక్రం గాల్లోకి లెగిసిపోనాది! డ్రైవరు హేండిలట్టుకోని ఏలాడతన్నాడు పాపం. ఇద్దరు మనుసులు కావిడేసి మోసి మండపంలోకి తెచ్చినారు. కంప్యూటర్లో గుచ్చీసరికి బల్ల కాలు ఫట్‌మని ఇరిగింది. మరి నాది? జేబులో ఉన్నాదో నేదో తెలీక నాలుగుసార్లు తడుంకున్నాను. ఎగిరిపోతాదేమోనని హాల్లో ఫేన్లన్నీ కట్టించీసినాను.

"ఫేన్లు కట్టింది మాత్రం నిజం. ఉక్కకి సచ్చిపోనాం," అంది గున్నమ్మ.

అదిగో, నువ్వొచ్చేవు కదప్పా, సాచ్చికం సెప్పు ఈళ్ళకి! మొదటి పేజీ పడినాది. అంచు సూడాల అప్పుడు! ఎనక వరసలో ఇద్దరు తాపీమేస్త్రీలు, గోడ తిన్నగా ఉన్నాదో నేదో సూసే దారం గుండు తీసి నా అచ్చరాలకి పట్టి సూసుకోని, సిగ్గుతో మళ్ళీ సంచిలో దాసీసుకున్నారు. రెండో పేజీ గెడ్డ బొమ్మ. పోటో కాదు. పోటో ఎవడైనా తీస్తాడు. మాటల్తో గీసినాను. ఇక్కడ్నుంచి అక్కడికి గీత, ఇక్కడ వొంపు, ఇక్కడ నీలం రంగు, అంతే. బొమ్మ పడగానే గెడ్డ పారడం మొదలెట్టినాది.

"తెర మీదేనా?" అన్నాడు చినబాబు.

తెర మీద మొదలెట్టి కిందికి దిగినాది! ముందు వరసలో ఆఫీసర్లు పేంట్లు మోకాళ్ళ దాకా మడుసుకున్నారు. ఒకాయన బూట్లు సేత్తో అట్టుకోని కుర్సీ ఎక్కీసినాడు. కప్పలు బెకబెకా అరుస్తన్నాయి. ఎక్కడ్నుంచొచ్చినాదో కొంగొకటి కిటికీలోంచి దూరి, తెర మీద వాలి, ఠప్పున సేపనట్టుకోని ఎల్లిపోనాది. దీనికి ఇద్దరు సాచ్చులున్నారు.

"ఎవలు బావా?"

ఒకడు పనికోసమని సెన్నై ఎల్లిపోనాడు. రెండోది ఆ కొంగ.

అప్పుడు కొట్టినారు సప్పట్లు. ఏటి సప్పట్లవి! బొబ్బిల్లో వీణలు సేసే ఇళ్ళల్లో గోడకానించిన వీణలు వాటంతటవే జుమ్మన్నాయి. తీగెలు బిగించనివి కూడా! ఓ ముసలాయన లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి "ఎవర్రా నా వీణ ముట్టుకున్నది" అని కేకలేస్తే, "ఎవలూ కాదు తాతా, భీమశంకరం రెండో పేజీ" అని సెప్పినారంట. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? మర్నాడు పొద్దున్నే భోగాపురం నుంచి నల్ల కారొచ్చి నా షాపు ముందాగినాది. విమానాలు దిగే రోడ్డు మీద తెల్లగీత ఎంత గీసినా నా గీతంత తిన్నగా రాటం నేదంట. "బాబ్బాబూ, నీ లేటెక్‌తో ఒక్క గీత కొట్టియ్యి, విమానం కళ్ళు మూసుకోని దిగుతాది" అని నా కాళ్ళట్టుకున్నారు. నానేటన్నాను? "ముందు మా గెడ్డకి గట్టు పడాల. అప్పుడు రండి, అప్పటిదాకా విమానాల్ని పైనే తిప్పుకోండి" అన్నాను. మనూరి కోసం అంత మాటన్నాను! అలాటోడు పన్నెండు పేజీలేసి అడిగితే, ఏమీ అడగనేదని రాస్తారేటి? ఇది నాకవమానం కాదు, ఇద్యకవమానం. అన్నం సయించటం నేదు నాకు. ట్రాక్టరు తియ్యి సినబాబూ!

చినబాబు తువ్వాలు తలకి చుట్టి లేచాడు. అప్పుడే స్కూటీ ఆపి దిగింది శ్రావణి, చినబాబు కూతురు. విజయనగరంలో లెక్కల్లో ఎమ్మెస్సీ చదువుతోంది, సెలవులకి వచ్చింది.

"నాన్నా, కాలరట్టుకుంటానని ఊరంతా సెప్పి వొచ్చేవంట కదా. ఇంటికాడ అమ్మ ఏడుస్తన్నాది. నిన్ను లోపలేస్తే ఊడ్పులెవలు సేస్తారు?"

ఎవడూ లోపలెయ్యడు! రా అమ్మీ, వేళకొచ్చేవు. నువ్వూ లేటెక్ దానివే కదా, మీ కాలేజీ ప్రాజెక్టు దాన్లోనే కదా సేస్తన్నావు. సూసి నేర్సుకోమని అప్పట్లో నీకు నాను ఫైళ్ళంపించినాను కదా, ఫోన్లో తియ్యి. ఉత్త అచ్చరాలు, ఏ ఫోన్లో అయినా తెరుసుకుంటాయి. గట్టు అడిగిన పదకొండో పేజీ సదువు. ఇక్కడున్నోళ్ళందరికీ ఇనబడాల.

శ్రావణి ఫోను తీసి వెతికి చదివింది. "పోయిన పంట 80% తూర్పు గట్టు కట్టించాలి, కిలోమీటరున్నర పొడవు, వానలకి ముందే కట్టించాలి."

"ఉన్నాది! అడిగినాం!" చినబాబు బల్ల మీద గుద్దాడు. "దొంగ రాతలు రాసినారు, నాను సెప్పనేదా!"

సూసేవా! సూసేవా అప్పా! ఇప్పుడనమను ఏమీ నేదని!

"ఆగు నాన్నా," అంది శ్రావణి. మొహం చిట్లించి మళ్ళీ ఫోన్లోకి చూసింది. "మావయ్యా, ఇది నువ్వు కొట్టింది. బటను నొక్కినాక తయారైన పేజీలు కూడా అంపించేవు నాకు. తెర మీద ఏసినవి అవే కదా?"

అవే. అచ్చం అవే.

ఆమె ఫోను అందరి వైపూ తిప్పింది. పదకొండో పేజీ మీద "పోయిన పంట 80" అని ఉంది. దాని తర్వాత ఏమీ లేదు.

తుడిసీసినారు! ఎవడో కంప్యూటరోడు లంచం తిని తుడిసీసినాడు! ఇది కుట్ర, నాను ముందే అనుకున్నాను!

"ఎవలూ తుడవనేదు మావయ్యా. ఇది నీ షాపులో తయారైన ఫైలే. పర్సెంటు గుర్తు ఉత్తినే ఎడితే, ఆ వరసలో దాని తరవాతున్నదేటీ పేజీలోకి రానివ్వదు లేటెక్. గుర్తుకి ముందు ఓ ఏటవాలు గీత ఎట్టాల. నువ్వెట్టనేదు. గట్టు మాటంతా అదే వరసలో రాసేవు. అంతా పోనాది."

గున్నమ్మ స్టవ్వు తగ్గించింది.

"అదా సంగతి," అంది. "నాకు సదువు రాదు బాబూ. తెల్లగా ఉంటే తెల్లగా ఉన్నాదని మాత్రం తెలుస్తాది. ఆ ఇంజినీరు బాబు రెండుసార్లడిగినాడు, మరి మీకేటి కావాలీ అని. నాను లెగిసి సెప్పబోతే నువ్వు కూకోమన్నావు. తెర కేసి సెయ్యి సూపించి, అన్నీ అందులో ఉన్నాయి సూసుకోండి అన్నావు. ఆయన సూసినాడు. మేమూ సూసినాం. నువ్వే సూడనేదు."

తెర కేసి తిరిగేవోడు సేతకానోడప్పా. నాను జనాల మొకాల్లోకి సూసి... ఆ సప్పట్లు...

చినబాబు తలకి చుట్టిన తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ మాట నమ్మి ఆ మనిసి మీద సెయ్యేసీద్దును బావా," అన్నాడు. "అడిగినోడ్ని. రెండుసార్లు అడిగినోడ్ని."

శ్రావణి గడియారం చూసింది. నాలుగు కావస్తోంది. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి కాయితం చించింది. బల్ల తడిగా ఉంటే తుడిచి, ఊరి పేరు రాసి, దాని కిందే "మా గెడ్డకి తూర్పు గట్టు కట్టించండి" అని పెద్ద అక్షరాలతో రాసింది. మిగతాది ఆ తర్వాత రాసింది. చినబాబు సంతకం పెట్టాడు. గున్నమ్మ శ్రావణి పెన్ను సిరానే బొటనవేలికి రాసుకుని ముద్ర వేసింది.

భీమశంకరరావు ఎవరి మొహమూ చూడకుండా పెన్ను అందుకుని, తన పేరు రాయడానికి కాయితం అడుగుకి వంగాడు.

గున్నమ్మ కాయితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు పైనేటి రాసుందో సదువు బాబూ," అంది. "సదివినాకే సంతకమెట్టు."