దోల్చాన్ వాగులో నా చేతులు

అధ్యక్షపీఠం మీదున్న మా ముఖ్య భూగర్భవేత్త మత్వేయ్ ఇల్యిచ్ గారికి, గని పెద్దలకు, మూడో వరుసలో కూర్చున్న మన బడి టీచరు ఆకులీనాకు, నాతోపాటు ముప్పై ఏళ్లు మోకాలిలోతు మంచునీళ్లలో ఇసుక కడిగి కీళ్లనొప్పులు సంపాదించుకున్న నా తోటి ఆడవాళ్లకు నమస్కారాలు.

ఈ పతకం అందుకున్నాక చదవమని యూనియన్ వాళ్లు నాకోసం మంచి ఉపన్యాసం రాసిచ్చారు. అందులో ‘దోల్చాన్ బంగారాన్ని తొలిసారి కనుగొన్న కపితొలీనా’ అని మీ కాపా గురించి ఉంది. పొద్దున అద్దం ముందు చదువుకుంటుంటే అక్కడికి రాగానే ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగిపోయాను. అందుకని ఆ కాగితం ఇంట్లోనే వదిలేశాను. జరిగింది చెబుతాను. అది కనుక్కోవడం అవునో కాదో నాకైతే తేలలేదు.

ఇరవై రెండేళ్ల కిందటి వేసవిలో లెనిన్‌గ్రాద్ నుంచి సినిమావాళ్లు దిగారు. జార్ల కాలంలో ఇద్దరు స్నేహితులు బంగారం కోసం ఈ ఉత్తరానికి వచ్చి, ఎలుగుబంట్లతో, మంచుతుఫానులతో, చివరికి ఒకరితో ఒకరు కొట్లాడుకునే కథ. హీరో రుద్‌నిత్స్కీ అందగాడే కానీ, ఇసుక కడిగే చెక్కపళ్లెం చేతికిస్తే కడిగిందల్లా తన బూట్లనే. (నవ్వులు) దర్శకుడు మాలో ఒక్కొక్కరి చేతులూ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. “అబ్బ! అచ్చం మగాడి చేతులు. ఇవే కావాలి!” అన్నాడు. అది పొగడ్తో తిట్టో ఈనాటికీ తెలియదు. అలా ముఖం హీరోదీ చేతులు నావీ అయ్యాయి.

ఏ వాగు దగ్గర తియ్యాలని వాళ్లు అడిగితే మత్వేయ్ ఇల్యిచ్ గారు, “దోల్చాన్‌కు పోండి. చూడ్డానికి బాగుంటుంది. మేం మూడేళ్లు వెతికాం, అందులో దోమలు తప్ప ఏమీ లేవు” అన్నారు. కాదనకండి సార్, నేను మీ పక్కనే ఉన్నాను. (నవ్వులు)

అక్కడ నికీఫోర్ తాత మంచుదుప్పుల మంద మేసేది. మన ఆకులీనా వాళ్ల నాన్న. బళ్లు లాగడానికి ఆయన దుప్పుల్నే సినిమావాళ్లు మాట్లాడుకున్నారు. షూటింగు జరుగుతుంటే ఆయన గట్టు మీద రేకుగ్లాసుతో టీ తాగుతూ కూర్చునేవాడు.

ఆ రోజు సినిమావాళ్లలో జోరా అనే కుర్రాడు, బంగారంలా కనిపించాలని నా పళ్లెంలో ఇత్తడిపొడి చల్లాడు. కెమెరా తిరిగింది. నేను పళ్లెం ఊపుతున్నాను. నీటితోపాటు ఇత్తడి పైకీ కిందికీ ఆడుతోంది. దాని అడుగున మాత్రం ఏవో నాలుగైదు రేణువులు కదలడం లేదు. దోసగింజలంత ఉన్నాయి. పళ్లెం వంచినా కదలడం లేదు. ఇత్తడికన్నా బరువై అలా కదలనిదేమిటో ఇక్కడున్న ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా చేతులు వణికాయి. “అద్భుతం! ఆ వణుకే కావాలి! అలాగే ఉంచు, కాపా!” అని వెనకనుంచి దర్శకుడి కేకలు.

కెమెరా ఆగగానే మొత్తం వాగులో కుమ్మరించేశాను. తల ఎత్తితే తాత నన్నే చూస్తున్నాడు.

“ఏం తల్లీ, దొరికిందా?”

“ఎక్కడిది తాతా, ఇత్తడే కదా.”

కాసేపు టీ ఊదుకున్నాడు. “ఇత్తడే కానీలే. పక్క లోయలో యంత్రాలు దిగాక దుప్పులు మేసే నాచు మొలవడం లేదు. ఇదీ పోతే నా గొడ్లను ఎక్కడికి తోలుకుపోనే?”

పళ్లెం పట్టుకుని ఒడ్డెక్కాను. ఆ చలికాలమంతా ఆ రేణువుల మాట ఎవరితోనూ అనలేదు.

తరువాతి ఏడాది సినిమా మన పాత క్యాంపు క్లబ్బుకు వచ్చింది. ఆ ఘట్టం రాగానే నేను కళ్లు మూసుకున్నాను. చీకట్లో మత్వేయ్ ఇల్యిచ్ గారి అరుపు వినిపించింది: “ఆపండి! వెనక్కి తిప్పండి!” జనం ఈలలు వేశారు. ఎవరో “ఏమయ్యా, నీకు మతిపోయిందా?” అని తిట్టారు. ఆయన వినలేదు. మూడుసార్లు తిప్పించారు. తరువాత నా దగ్గరికి వచ్చి, “కాపా, అడుగున ఉన్నది ఇత్తడి కాదు కదూ?” అన్నారు.

“కాదు” అన్నాను. అడిగితే అబద్ధం చెప్పలేకపోయాను. అడగకముందు మాత్రం...

(గ్లాసెత్తి నీళ్లు తాగారు)

క్షమించాలి. మిగతాది మీకు తెలుసు, దోల్చాన్‌లో గని తవ్వారు. ఈ ఊరు, ఈ హాలు, నా వెచ్చటి గది, మీ పిల్లల బడి, అన్నీ ఆ రేణువుల మీద లేచినవే. తాత మందను కనుమ అవతలికి తోలుకుపోతే ఆ శీతాకాలం సగానికి సగం చచ్చిపోయాయి. ఆయన పోయేముందు చూడ్డానికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. ఎండుచేప పెట్టి, “తిను తల్లీ, చిక్కిపోయావు” అన్నాడు. ఆకులీనా, ఆ రోజు మీ నాన్నతో అబద్ధమాడానని నీకు ఇన్నేళ్లూ చెప్పలేదు. నువ్వు ప్రతి పండక్కీ నాకు కార్డు పంపుతూనే ఉన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు మణికట్టు ఒక్కసారి తిప్పితే రేణువులన్నీ నీళ్లలో కలిసిపోయేవి, కెమెరాకు ఏమీ చిక్కేది కాదు. నా చేతులకు ఆ పని నిద్రలోనైనా వచ్చు. కానీ అవి ఆ పని చెయ్యలేదు. పళ్లెం కాస్త పైకి లేచినట్టు గుర్తు. కెమెరా వైపు లేచిందా? భయంతో బిగుసుకుపోయానా, లేక ‘లేదన్నారుగా, చూడండి’ అని మత్వేయ్ ఇల్యిచ్ గారికి చూపించాలనుకున్నానా? చెప్పకుండానే చెప్పానా? ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. ఈ పతకం దాచినందుకా, దాచలేకపోయినందుకా?

కాసేపట్లో నా గౌరవార్థం ఆ సినిమానే వేస్తారట. ఆ ఘట్టం నేను ఒక్కసారీ చూడలేదు, ఎప్పుడూ కళ్లు మూసుకునేదాన్ని. ఈసారి తెరిచి ఉంచాలనే ఉంది, ఉంచగలనో లేదో. ఆకులీనా, వచ్చి నా పక్కన కూర్చుంటావా? ఒకవేళ నేను కళ్లు మూసుకుంటే నువ్వు చూడు. పళ్లెం కెమెరా వైపు లేచిందో లేదో చూసి, ఎలా ఉన్నా సరే, ఉన్నదున్నట్టు నా చెవిలో చెప్పు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. దీపాలు ఆర్పేలోగా నా చోట్లోకి నేను వెళ్లాలి. సెలవు.