సీసాలో వాగు నీళ్ళు

చిల్లకూరు దగ్గర ఒక వాగు ఒడ్డు, 1962. మగ్దలీనమ్మ, ఆమె తమ్ముడు తిమోతి. తిమోతి వాగుకు ఎగువనున్న తోళ్ళ కార్ఖానాలో పనివాడు.

“ఇంకోసారి చదువబ్బయా.”

“రెండుసార్లు చదివినా కదక్కా.”

“మూడోసారి చదువు.”

“‘వాగు నీటిని పరీక్షించగా రంగుగాని వాసనగాని లేవు. తాగుటకు పనికివచ్చును. కావున కార్ఖానాపై చర్య అవసరము లేదు.’ అంతే.”

“వాసన లేదా? ముక్కుండాదా ఆ ఇన్‌స్పెక్టరుకి? అదో, మన చెలమ చూడు. తంగేడు చెక్క నానేసినట్టు ఎర్రగా ఊరతా ఉండాయి నీళ్ళు. నా బిడ్డ జయశీల చేతులనిండా పుండ్లు.”

“చూస్తానే ఉండా.”

“మూడేళ్ళు అర్జీలు పెడితే గదా ఆ మనిషి వచ్చింది. మరి సీసాలో పట్టుకుపోయింది యాడి నీళ్ళు?”

“ఈ వాగువే.”

“ఎప్పుడు?”

“ఎప్పుడైతే ఏందిలే.”

“ఎప్పుడబ్బయా?”

“బాప్తిస్మాలు అయిన మర్నాడు. సోమవారం.”

“సోమవారమా.”

“ఊఁ.”

“అంటే తోళ్ళు నానేసే తొట్ల నీళ్ళు వాగులోకి వదలకుండా ఆపినారే, ఆ నాలుగు దినాల్లోనా?”

“ఊఁ.”

“ఆపమని పోయి అడిగింది నేనే గదరా. బాప్తిస్మానికి నా బిడ్డ ఆ కంపులో మునగాల, నాలుగు దినాలు ఆపండయ్యా అని ఓనరుగారి కాళ్ళు పట్టుకున్నా.”

“నువ్వొక్కదానివే కాదులే. సంఘమంతా అడిగినాం.”

“వెంటనే సరే అన్నాడు. ఈ ఆదివారమే పెట్టుకోండి, పై ఆదివారం కుదరదన్నాడు. ఎంత మంచోడో అనుకుని, ఇంటికొచ్చి ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసినా.”

“ఇన్‌స్పెక్టరు వచ్చే తేదీ ఆయనకు ముందే తెలుసక్కా.”

“మనమేమో తోలు ముక్కలు, వెంట్రుకలు, నురగ అంతా గంపలతో ఎత్తిపోసినాం. అడుగున ఇసక కనపడింది. చేపపిల్లలు గూడా వచ్చినాయి, చూసినావా?”

“చూసినా.”

“నాలుగు దినాలకే వాగు బాగుపడింది. ఆ సంతోషంలో ఉండామే గాని, మన చేతులతోనే కడిగి వాళ్ళ సీసా నింపినామని...”

“మంగళవారం మళ్ళీ వదిలినారు.”

“ఇప్పుడేం తాగాల? పెద్దోళ్ళ బావికాడ మనల్ని చేద వెయ్యనీరు. వాళ్ళు పోసిందాకా కుండ పెట్టుకుని పొద్దంతా కూర్చోవాల. యాడికి పోవాల్రా?”

“కూర్చోక్కా.”

“కూర్చోను. ఇంకో అర్జీ రాయి.”

“రిపోర్టుండాది గదా. ఇంక వినరు.”

“కార్ఖానా లోపలి మనిషి చెప్తే వింటారు. తొట్లు ఖాళీ చేసేది నువ్వే గదా. నాలుగు దినాలే ఆపినాం, మిగతా దినాలన్నీ వదులుతాం అని రాసి సంతకం పెట్టు.”

“నా వల్ల కాదు.”

“పని పోతాదనా? పోనీ. నాతోబాటు నాట్లకు రా. నీ పిల్లోళ్ళకు ఇంత గంజి నేను పోస్తా.”

“అది కాదక్కా.”

“మరేంది? నీ మేనకోడలి చేతులు చూసినావు గదా.”

“చూసినా. నేను పెట్టినా చెల్లదు.”

“ఎందుకు చెల్లదు?”

“సోమవారం ఆ సీసా నింపిచ్చింది నేనే. ఏడాది పొడుగునా ఈ నీళ్ళు ఇట్లే ఉంటాయని సాక్షి సంతకం చేసింది గూడా నేనే.”