ఫోన్‌లో అమ్మమ్మ

ఆవిడ కూతురింటికి వచ్చి మూడు రోజులైంది. రెండేళ్ల మనవరాలు ఇంకా దగ్గరికి రాలేదు. వంటగదిలో ఆవిడా, కూతురూ మాత్రమే ఉన్నారు.

“ఫోన్‌లో అయితే ‘అమ్మమ్మా, దా’ అని ప్రాణం తోడేసేది. ఇప్పుడేమో నాతో వాళ్ల నాన్న భాషే.”

“దానికి తెలుగంటే ఫోన్‌లో మాట్లాడేదమ్మా. ఇంట్లో మాదంతా ఆయన భాషేగా.”

“నువ్వైనా మాట్లాడొచ్చుగా?”

“బద్ధకించాను.”

“అమ్మమ్మేదే అంటే ఫోన్ చూపిస్తోంది. మరి నేనెవర్నిట?”

“నా ఫోన్ హాల్లో దాని దగ్గరే ఉంది. ఇక్కణ్ణుంచే ఫోన్ చెయ్.”

“పక్క గదిలోకా! ఎవరైనా వింటే నవ్విపోతారు.”

“చెయ్యమ్మా.”

“బంగారూ, అమ్మమ్మనే... దా, నా దగ్గరికి దా... ఇదేంటే, పలకదు?”

“వెనక్కి తిరుగు. గుమ్మంలో ఉంది.”

“ఫోనేదే దీని చేతిలో?”

“అక్కడే పడేసొచ్చింది. నువ్వూ నీది అవతల పెట్టమ్మా, ఎత్తుకోమంటోంది.”