పరీక్షకు పంపిన మట్టి

పదో తరగతి ఫలితాలకు వచ్చిన విద్యార్థిలా, ఉతికిన పంచె కట్టుకుని బొల్లాపల్లి రైతు సేవా కేంద్రంలో కూర్చున్నాడు పెద్దాయన. ఆయన మట్టికి భూసార కార్డు వచ్చింది. వ్యవసాయ సహాయకురాలు దాన్ని తిప్పి తిప్పి చూస్తోంది.

"నత్రజని, భాస్వరం, జింకు అన్నీ పుష్కలం పెదనాన్నా. ఇట్టాంటి మట్టి మండలంలో నేను చూళ్ళేదు."

"మరేమనుకున్నావు!"

"మరి మీ మిరపచేను రెండేళ్ళుగా ఎందుకు గిడసబారుతోంది?"

"అది తెలుసుకుందామనే గదమ్మా మట్టి పంపింది."

"నిజం చెప్పండి. ఇది మిరపచేలో మట్టేనా?"

ఆయన కండువా సర్దుకున్నాడు.

"ఆ చౌడు మట్టి ఏం పంపుతామమ్మా? నలుగురు ఆఫీసర్లు చూసేదాయె. పరువు పోద్దని మంచి మట్టి పంపిచ్చా."

"రోగిని ఇంట్లో పడుకోబెట్టి, పహిల్వాన్ని డాక్టరుకి చూపిచ్చారు! ఇంతకీ ఎక్కడిది?"

"మా పెరట్లో సొరపాదు కింద. పేడ, బూడిద, ఎండుటాకులు, మా ఆవిడ సుబ్బరత్నం అన్నీ అక్కడే వేస్తది. చానా కాస్తదిలే. ఊళ్ళో సగం మందికి మా సొరకాయలే."

"మరి చేలోకి పశువుల ఎరువు తోలలేదా?"

"తోలమని మా ఆవిడ పదేళ్ళనుంచి మొత్తుకుంటానే ఉంది. యూరియా ఉండగా అదెందుకు, నీకేం తెలుసులే పొమ్మన్నా."

ఆ మాట తన చెవినే పడేసరికి ముందు నవ్వింది ఆయనే.

"రేపు నేనే వచ్చి చేలో మట్టి తీస్తా. ఇక ఈ కార్డు చించెయ్యనా?"

"చించమాకమ్మా! నా పేరు కొట్టేసి సుబ్బరత్నం అని రాసియ్యి. పాసయ్యింది ఆమె గదా!"