దిగేటప్పుడు నోరెత్తకూడదు

తప్పు పైలట్‌దే అని అప్పుడే తేల్చేశారా విమానాల ఇన్‌స్పెక్టరు గారూ? బూట్ల దుమ్మయినా దులుపుకోలేదు కదా మీరు! ముందు కూర్చోండి. ఆ దాల్చినచెక్క రోల్ తినండి. మా నెబ్రాస్కాలో ఉరి తీయడానికి వచ్చినవాడు కూడా ఇంత తినే తాడు తీస్తాడు.

పైలట్ అంటే నేనే, కాదనను. ఈ ఆర్లిస్ కుబిచెకే. అదిగో, అదే నా విమానం. ముందున్న ఆ పంకా రెక్కలు చూడండి, కరువునాటి మొక్కజొన్న ఆకుల్లా ఎలా చుట్టుకుపోయాయో!

చక్రాలు దించకుండా దిగావు, దిగావు అని అందరూ అనేవాళ్ళే. ఎందుకు దించలేదమ్మా అని అడిగినవాడు ఒక్కడున్నాడా?

మొన్న శనివారం ఇక్కడ ఏటా పెట్టే పాన్‌కేకుల ఫలహారం. చుట్టుపక్కల ఊళ్ళలో రెక్కలున్నదల్లా వచ్చి వాలుతుంది. వాలినవాళ్ళు తిని ఊరుకుంటారా? రన్‌వే పక్కన మడతకుర్చీలు వేసుకుని, తరవాత దిగేవాళ్ళకి మార్కులేస్తారు. అట్టముక్కల మీద అంకెలు రాసి మరీ ఎత్తి చూపిస్తారు. పోయినేడు ఆ డెల్‌మర్ నాకు పదికి మూడేశాడు. మూడు! గడ్డి కోసే యంత్రం కూడా వాడి విమానం కన్నా వేగంగా పోతుంది, వాడు నాకు మూడేస్తాడా?

ఈసారి నా ముందు దిగుతున్నదీ వాడే. ఎంత నెమ్మదంటే, కొంగ ఒకటి వాణ్ణి దాటిపోతూ జాలిగా వెనక్కి చూసింది. ఈ కళ్ళతో చూశాను! అప్పటికే నేను చక్రాలు దించాను బాబూ. దించాను! అది రాసుకోండి. వాడి తోకని గుద్దకూడదని మళ్ళీ పైకి లేపి, చక్రాలు మడిచి, ఇంకో చుట్టు తిరిగి వచ్చాను. ఈసారి చక్రాల మీట దగ్గరికి చెయ్యి పోతే, ఆ చెయ్యేమందో తెలుసా? "ఆ పని ఇందాక చేశాంగా" అంది. చేశాం మరి! అందులో అబద్ధమేముంది?

చక్రాలు దిగలేదని విమానం కూసే హెచ్చరిక కూతా? మోగింది. ఎవరు కాదన్నారు? పక్క సీట్లో మా ఆయన వెర్లిన్ ఉన్నాడు. ఆయన చెవి మిషను కొన్ననాటి నుంచీ కూస్తూనే ఉంది. చర్చిలో కూస్తుంది, చావింట్లో కూస్తుంది. ఆ కూత వినకుండా బతకడం నేర్చుకోబట్టే నేనింకా పిచ్చాసుపత్రికి పోలేదు. విమానం చేసినవాళ్ళకి లోకంలో ఇంకో కూతే దొరకలేదా, అచ్చం మా ఆయన చెవిలోంచి వచ్చేదే పెట్టాలా?

దిగడం మాత్రం ఎంత మెత్తగా దిగాననుకున్నారు! కింద కోడిగుడ్డు పెట్టినా చిట్లేది కాదు. ఆ తరవాత చప్పుడొచ్చిందనుకోండి. ఒమాహా పట్నం దాకా కుక్కలు మొరిగాయట. అయినా డెల్‌మర్ అట్ట ఎత్తాడు. తొమ్మిది! చక్రాలకని ఒక మార్కు కోశాడట, పిసినారి.

నవ్వకండి. నా లైసెన్సు మీ చేతిలో ఉందని నాకు తెలుసు. అది పోతే ఈ వయసులో మళ్ళీ ఎవరిస్తారు? పొద్దస్తమానం నేలమీద కూర్చుని ఆ డెల్‌మర్‌ని తలెత్తి చూడాలా నేను?

ఏమిటీ? వెర్లిన్‌ని అడిగారా? ఎప్పుడు?

చక్రాలు దిగితే వెలగాల్సిన పచ్చ దీపాలు వెలగలేదని ఆయన చూశాడా?

చూసి?

ఓహో! నోరెత్తొద్దని నేనన్నానన్నాడా? అన్నాను! ఎందుకనకూడదు? గాల్లోకి లేచింది మొదలు, ఎడమకి తిప్పవే, అదుగో హ్లావాచెక్ వాళ్ళ పందులు, పొయ్యి కట్టేశావా లేదా, ఇదే గోల. ఈసారి మార్కులు కావాలని, ఎక్కేముందే గట్టిగా చెప్పాను. "దిగడం మొదలెట్టాక, చక్రాలు నేలని తాకేదాకా నీ నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదు" అని.

ఆగండాగండి. చక్రాలు నేలని తాకనే లేదుగా!

అందుకా! శనివారం నుంచి నాతో మాటా పలుకూ లేదు. విమానం పోయిందన్న దిగులేమో అనుకుని, జాలిపడి రెండు పూటలు ఆయనకిష్టమైన పంది మాంసం కూడా వండాను. తిన్నాడు చూడండి, గిన్నె నాకి మరీ తిన్నాడు!

సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? మళ్ళీ పరీక్షా? ఈ గురువారం, మీ విమానంలో? మీ ముందు సరిగ్గా దిగి చూపిస్తే లైసెన్సు ఉంచుతారా? దిగుతాను. దానికేం!

వెర్లిన్ కూడానా? వెనక సీట్లో కూర్చుని, పచ్చ దీపాలు చూసి గట్టిగా చెప్పాలా?

మీకు పెళ్ళయిందా బాబూ?

అయిందా? పెళ్ళయ్యి కూడా అలా అంటున్నారంటే ఏం చెప్పను! రానివ్వండి. ఆ చక్రాలు నేలని తాకిన క్షణం ఏమవుతుందో మీకేం తెలుసు? శనివారం నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి కుమ్మరిస్తాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట విన్నది ఒక్కసారి. దాన్నీ మీ ప్రభుత్వం రద్దు చేయిస్తోంది. కానివ్వండి, నాకు లైసెన్సు కావాలి.