పచ్చని చక్రాల జాడ

తోర్కిల్డ్ పోయాక, డెన్మార్క్‌లో యూట్లాండ్‌లోని అతని ఇసుక చేను గట్టున భార్య, తమ్ముడు నిలబడ్డారు. ఓట్స్ పైరంతా బూడిదరంగు మచ్చలతో వాలిపోయింది.

"అన్నయ్య ఏటేటా సున్నం చల్లాడు వదినా. నేల పులుపంతా చచ్చింది. పైరుకు కావలసిన మాంగనీసు మట్టిలో ఉన్నా వేళ్ళకు అందడం లేదు."

"నేలకు మేలనుకున్నాడు పాపం."

"మాంగనీసు మందు తెచ్చాను. కొడితే చేనంతా పచ్చబడుతుంది."

"మరి ఆ రెండు చారలు ఇప్పుడే పచ్చగా ఉన్నాయేం?"

"ట్రాక్టర్ చక్రాల జాడలవి. మట్టి అణిగినచోట కాస్త అందుతుంది."

"విత్తిన రోజు ఆయన నడిపిందేగా? ఆ సాయంత్రమే గుండె ఆగింది."

"అవును వదినా."

"చేనంతా పచ్చబడితే ఆ జాడ ఇక కనబడదు."

"ఆలస్యమైతే గింజ పట్టదు..."

"తెలుసు. రేపు కొట్టు నాయనా. ఈ ఒక్క పూట చూసుకోనీ."