వాల్వు కాళ్లకు కుంకుమ

సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఇంట్లో, సమ్మె శిబిరంలో మైకుకు వాడే పాత వాల్వుల యాంప్లిఫయర్‌ను విప్పి కూర్చున్నాడు భర్త.

“నా పండ్ల బ్రష్‌తోని దాన్ని తోముతున్నవా? ఇంట్ల ఇంకేం దొరకలేదా?”

“కొత్తది కొనిస్త తియ్. సౌండు ఒస్తది, పోతది. మీద కొడితే మళ్ల ఒస్తది. వాల్వులు దిగే సందులల్ల ఏదో ఉన్నది.”

“బ్రష్ ఎర్రగైంది. ఇది కుంకుమ కదా!”

“కుంకుమనే.”

“దసరా నాడు వాల్వులు పీకి వాటి కాళ్లకు బొట్లు పెట్టింది నువ్వే. డబ్బా మీద పెడితే సాలదా అంటే ఇన్నవా?”

“ఆయుధపూజ గద, మనసుపెట్టి చేసిన.”

“అంటే రేడియో సామాన్ల దుకాణం వీర్రాజన్న అమ్మిన కొత్త వాల్వు మంచిదేనా?”

“మంచిదే.”

“మరి శిబిరంల మైకు పట్టుకొని ఆయన్ని ఏమన్నవ్?”

“ఆంధ్రోనివి, కావాలనే ఖరాబుది అంటగట్టినవ్ అన్న. గా ఒక్క మాట అన్నప్పుడే సౌండు పోలే, అందరు ఇన్నరు.”

“ఏం జవాబిచ్చిండు?”

“వాల్వు చూసి, ‘ఇది బానే ఉందండీ’ అన్నడు. ఇన్నాళ్లు నన్ను ‘ఒరేయ్’ అనేటోడు.”

“దుకాణం ఖాళీ చేసి ఊరికి పోతరంట. వాళ్లామె కండ్లనీళ్లు పెట్టుకున్నది. లే, అన్నం తిందువు.”

పిల్లలు అప్పటికే కంచాల ముందు ఉన్నారు. భర్త కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“అందరు ఇనుండ్రి. రేపు శిబిరంల అదే మైకుల తప్పు నాదని చెప్త.”

“నడుమ సౌండు పోతే?”

“పోతే ఒర్రి చెప్త. ఆయన దుకాణం దాక ఇనబడాలె.”